నాలుగో కోడలి పువ్వు

పోయిన ఆదివారం సాయంత్రం, పొద్దున కోయించిన చిన్నరసాలు గడ్డిలో పరిపించి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి మా కోడలు టీవీ పెట్టుకుని, ఫోను కూడా సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. ఆ వేళ ప్రభుత్వ ఛానల్లో మన వైపు ఆడవాళ్ళ పాటల మీద కార్యక్రమం వస్తుందనీ, అందులో మా తోటికోడలు పాడుతుందనీ వారం రోజుల నుంచి మా బంధువులంతా ఒకరికొకరు మెసేజీలు పెట్టుకుంటూనే ఉన్నారు. నాకూ చాలా వచ్చాయి, వచ్చినవన్నీ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ షూటింగు మా మామిడితోటలోనే జరిగింది, పిందె దిగిన రోజుల్లో. చెట్టు కింద నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కెమెరాలో పడుతోందని, కాస్త అవతలకి జరగమని కెమెరా ఆయన మర్యాదగానే అడిగాడు. తోట మాది, చెట్టు మాది, కుర్చీ నాది, జరగాల్సింది మాత్రం నేను. సరే, జరిగాను.

కార్యక్రమం చూశాను. అబద్ధమెందుకు, రెప్ప వేయకుండా చూశాను. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జుట్టు నెరిసినా జడ మాత్రం నా జడకి రెండింతలు నిలబెట్టుకుని, చుట్టూ ఆరుగురు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని మా తోటికోడలు నలుగురు కోడళ్ళ పాట అందుకుంది. మీలో చాలామందికి ఈ పాట తెలియకపోవచ్చు, పుస్తకాల్లోకి ఎక్కిన పాట కాదు. అందులో కౌసల్యమ్మ పూలబుట్ట ముందు పెట్టుకుని, నలుగురు కోడళ్ళనీ వరసగా కూర్చోబెట్టి, జడలల్లి, ఒక్కొక్కరికి ఒక్కో పువ్వు పెట్టి ఒక్కో బుద్ధిమాట చెబుతుంది. సీతమ్మకి మల్లెమొగ్గ, ఊర్మిళకి మొగలిరేకు, మాండవికి మరువం. నాలుగో కోడలు శ్రుతకీర్తి దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. అక్కడ మా తోటికోడలూ ఆ ఆరుగురు పిల్లలూ కళ్ళు మూసుకుని, పెదవి విప్పకుండా, చరణమంతా ఊఁ అంటూ రాగం మాత్రం తీశారు. ఆ తర్వాత మళ్ళీ మాటలందుకుని హారతి దాకా పాడేశారు.

పాట అయ్యాక కార్యక్రమం నడిపే అమ్మాయి కళ్ళొత్తుకుంది. నాలుగో కోడలికి పెట్టిన పువ్వేదో చెప్పకుండా వినేవాళ్ళ ఊహకి వదిలేయడంలో ఎంత గొప్ప శిల్పం ఉందోననీ, చిన్నకోడలి మీద ముద్దు మాటలకి అందనిదని మన పూర్వీకులు ఎంత సున్నితంగా చెప్పారోననీ, దీన్ని నూజివీడు బాణీ అనాలనీ ఏదేదో అంది. మా కోడలు కూడా "ఎంత బావుందో కదండీ అత్తయ్యా" అంటూ నా వైపు తిరిగింది. నేను మొహం తిప్పేసుకున్నాను. ఎందుకంటే నాలుగో కోడలికి పువ్వుంది, ఆ పువ్వుకి ఒక మాట ఉంది. ఆ రాగం వెనక ఉన్నది పూర్వీకులూ కాదు, శిల్పమూ కాదు, నేను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, మీకు చెప్పుకుంటున్నాను.

మా ఇంటికి టీవీ వచ్చిన కాలం మీలో చాలామంది ఇళ్ళకి వచ్చిన కాలమే అయ్యుంటుంది. నలుపు తెలుపు బొమ్మ, పక్కలకి జరిపే చెక్క తలుపులు, పక్కన బుయ్యిమనే స్టెబిలైజరు, పైన మా అత్తగారు దగ్గరుండి కుట్టించిన పూల గుడ్డ. ఒకటే డాబా ఇల్లు, నడవకి ఇటు మేమూ అటు మా మరిది వాళ్ళూ ఉండేవాళ్ళం. పెద్దకొడుకు వైపు హాలు పెద్దదని మా మామగారు ఆ పెట్టెని మా వాటాలో పెట్టించారు. హాలు పెద్దదవడంలో నా గొప్పేమీ లేకపోయినా, ఆ రోజు నుంచి ఇంటికి వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ చెక్క తలుపులు జరిపి చూపించే అధికారం నాదేనని నేను తీర్మానించుకున్నాను.

యాంటెన్నాకి కర్ర కావలసి వస్తే, కాయలు దింపే చిక్కాల కోసం తెచ్చిన పొడుగాటి వెదుళ్ళలో తిన్నని దాన్ని ఏరి, డాబా మీద పిట్టగోడకి తాళ్ళతో కట్టి, బెజవాడ వైపు తిప్పారు. తోటల మీద నుంచి గాలి తోలితే చాలు, ఆ కర్ర మొహం తిప్పేసేది. అప్పుడొకరు మేడెక్కి కర్ర పట్టుకోవడం, ఒకరు మెట్ల దగ్గర నిలబడటం, ఒకరు టీవీ ముందు కూర్చోవడం, "వచ్చిందా" అని పైనుంచీ "ఇంకొంచెం ఇటు, ఆఁ వచ్చె, అయ్యో పోయె" అని కింద నుంచీ కేకలు. ఇదంతా మీకు కొత్తేమీ కాదు. మన తరంలో యాంటెన్నా తిప్పని చెయ్యి ఉంటుందా అసలు!

ఆ రోజుల్లో నా ఆస్తి నా గొంతు. చదువు పదో తరగతితో ఆగింది, రంగు చామనచాయ, వంటలో మా అత్తగారి ముందు ఎప్పటికీ శిష్యురాలినే. మా అమ్మమ్మది చింతలపూడి అవతల మెట్ట ఊరు. వేసవి సెలవలన్నీ నాకక్కడే గడిచేవి. ఆవిడ అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుడుతూ ఒకదాని తర్వాత ఒకటి పాటలు పాడుతుంటే, ఈనెపుల్లలు అందిస్తూ అవన్నీ నేను పట్టేసుకున్నాను. కాపురానికి వచ్చాక, మా వైపు ఏ పేరంటం జరిగినా, హారతి పళ్ళెం వెలిగించగానే అందరూ నా మొహం చూసేవాళ్ళు. నేను రెండు నిమిషాలు బతిమాలించుకుని మొదలుపెట్టేదాన్ని. ఆ రెండు నిమిషాల కోసం పదిహేను రోజుల చాకిరీ కూడా తేలిగ్గా చేసేదాన్నంటే నమ్మండి.

అలా ఉండగా మైలవరం నుంచి మా తోటికోడలు వచ్చింది. పెళ్ళిచూపుల్లో పాడమంటే నాకు రాదండీ అని చెప్పేసిందట. గొంతు మామూలు గొంతు, పై స్థాయికి వెళితే కాస్త ముక్కులోకి దిగేది. ఒక్క పాట రాదు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయిలో ఆమెకి తల దువ్వాను, మా అత్తగారికి ఇష్టమైన పచ్చిపులుసు పెట్టడం నేర్పాను, సాయంత్రం కాగానే "రావే అమ్మాయ్, టీవీ చూద్దువుగాని" అని నేనే పిలిచాను. నా చేత్తో నేనే పిలిచాను చూడండి, అదీ నా తెలివి.

మాకందరికీ టీవీ అంటే శుక్రవారం పాటలు, ఆదివారం సినిమా. మిగతా రోజుల్లో ఎవరో పెద్దాయన తంబురా పెట్టుకుని సంగీతం పాఠం చెబుతున్నా, అస్సాం నుంచో మణిపూర్ నుంచో వచ్చిన వాళ్ళు నాట్యం చేస్తున్నా, అదే సందని లేచి అన్నాలు వడ్డించుకునేవాళ్ళం. ఆమె సరిగ్గా అప్పుడే వచ్చి కూర్చునేది. పేపర్లో పడే కార్యక్రమాల పట్టిక కత్తిరించి, అన్నం మెతుకులతో వంటింటి బీరువా తలుపు లోపల అంటించుకుని, కావలసిన వాటికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టుకునేది. చుక్క ఉన్న రోజున నాలుగింటికే ఆమె వాటాలో వంటయిపోయేది. మొదటి సగం ఏమీ రాయకుండా విని, రెండో సగంలో నోటుబుక్కు తీసి రాసుకుని, మధ్యలో ప్రసారం ఆగి, అంతరాయమంటూ పూలబొమ్మ వేసినప్పుడు ఆ రాసుకున్నదాన్ని పెదవుల కింద పాడుకుని, మర్నాడు బియ్యం కడుగుతూ మళ్ళీ పాడుకునేది. భాష తెలియని పాటైతే ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేది. నేతగాళ్ళ మీద ఏదైనా చూపిస్తే, రెండో రోజుకి ఆ చీర అంచు మా వాకిట్లో ముగ్గయ్యేది. అర్థం కానిదుంటే ఆ టీవీ కేంద్రానికే కార్డు ముక్క రాసి పడేసేది. రసం పండుని మేమంతా నాలుగు జుర్రులు జుర్రి పారేస్తే, ఆమె టెంక తెల్లబడేదాకా వదిలేది కాదు. ఎందుకే అంత ఆత్రం అంటే, "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా అక్కయ్యా, ఈ కరెంటు ఎప్పుడు పోతుందో ఏంటో" అని నవ్వేది.

రెండేళ్ళు నవ్వుతూ చూశాను. మూడో ఏడు మా ఆడపడుచు కూతురికి ఓణీలిచ్చిన పేరంటంలో హారతి వెలిగించారు, అందరూ నా వైపు చూశారు, నేను బతిమాలించుకోవడానికి గొంతు సవరించుకున్నాను. ఇంతలో మా అత్తగారు, "ఈసారి చిన్నమ్మాయిని పాడనియ్యండే, రోజూ సాధన చేసుకుంటోంది పాపం" అన్నారు. ఆమె పాడింది. ముక్కు గొంతే, కానీ ఎక్కడా తాళం జారలేదు, ఒక్క మాట నలగలేదు, పైగా ఎవరూ విననిది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అందరూ మూగితే, "మా అక్కయ్య గారి టీవీలో అండీ" అని నన్ను చూపించింది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. నన్ను కొట్టినవాళ్ళూ లేరు, నవ్వినవాళ్ళూ లేరు, పైగా నా పేరు కూడా చెప్పింది. అయినా ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

అప్పటి నుంచి ఆమె మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఎర్రచుక్క ఉన్న రోజున ఓల్టేజి బాగాలేదని టీవీ కట్టేసేదాన్ని. తలనొప్పని హాల్లోనే పడుకునేదాన్ని. ఆమె శొంఠి అరగదీసి తెచ్చి నా నుదుటికి పట్టు వేసి, "మీరు పడుకోండి అక్కయ్యా, సౌండు లేకుండా చూసుకుంటాను, ఇవాళ నాట్యమే కదా" అనేది. సౌండు లేకుండా నిజంగానే అరగంట నాట్యం చూసేది, ఒళ్ళో చేతివేళ్ళు కదుపుకుంటూ. శొంఠి మంటకి మూసుకున్న కళ్ళ సందులోంచి నేనది చూస్తూ పడుకునేదాన్ని. ఏ మంట ఎక్కువో చెప్పడం కష్టంగా ఉండేది.

ఇక ఆ సాయంత్రం సంగతి. కాయల కాలం, ఇంకా వెలుగుంది. డాబా మీద ఈతచాపల నిండా మామిడి తాండ్ర పోసి ఉంది. పల్లె పాటల కార్యక్రమానికి ఎర్రచుక్క పెట్టుకుని ఆమె వచ్చి కూర్చుంది. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. నేను గుమ్మంలో కూర్చుని వడియాల డబ్బా సర్దుతున్నాను. టీవీలో మెట్ట ప్రాంతం నుంచి ఒక ముసలావిడని తీసుకొచ్చారు. నోట్లో పళ్ళు లేవు, గొంతు వణుకుతోంది, ఎవరో బలవంతాన కట్టబెట్టినట్టు కొత్త చీర. ఆవిడ నోరు తెరిచి మొదటి మాట అనగానే నా చేతిలో డబ్బా ఆగిపోయింది. అది మా అమ్మమ్మ పాట, నలుగురు కోడళ్ళ పాట. నేనెప్పుడూ బయట పాడలేదు దాన్ని. మా అమ్మమ్మ పోయాక అది తెలిసింది లోకంలో నాకొక్కదానికే అనుకునేదాన్ని. ఎప్పుడో పెద్ద సందర్భంలో పాడాలని, మంచి చీరని పెట్టె అడుగున దాచుకున్నట్టు దాచుకున్నాను.

సీతమ్మకి మల్లెమొగ్గ పెట్టడం అయింది. ఊర్మిళకి మొగలిరేకు అయింది. మా తోటికోడలు ఈసారి రెండో సగం దాకా ఆగలేదు, మొదటి మాట నుంచే గబగబా రాసుకుంటోంది. ఆ పెన్సిలు చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మాండవికి మరువం పెడుతుండగా నేను లేచాను. "గాలికి కర్ర తిరిగేట్టుంది, చూసొస్తాను" అన్నాను. బొమ్మ అద్దంలా ఉంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. అయినా ఎవరూ నా వైపు చూడలేదు, పాటలో ఉన్నారు.

తాండ్ర చాపలు తొక్కకుండా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, వెదురు రెండు చేతులా పట్టుకుని తోట వైపు తిప్పాను. కింద బుస్సుమన్న చప్పుడు, "అయ్యో పోయింది అక్కయ్యా!" అని ఆమె కేక. "పట్టుకునే ఉన్నానే, ఇప్పుడెలా ఉంది?" అని నేను. "రాలేదు, ఇంకొంచెం ఇటు తిప్పండి." నేను ఇంకొంచెం అటు తిప్పాను. ఆ కర్ర పట్టుకుని నాలుగో చరణమంతా నేను పెదవుల మీద పాడుకున్నాను, పువ్వు పేరుతో సహా, కౌసల్యమ్మ చిన్నకోడలికి చెప్పిన మాటతో సహా. చరణం పూర్తయ్యాక తిప్పి బెజవాడ వైపు పెట్టాను. "వచ్చింది, వచ్చింది, అలా ఉంచేయండి" అని కింద నుంచి అరిచింది. హారతి చరణం వినబడుతోంది. నేను పిట్టగోడ మీద కూర్చుని తాండ్ర అంచు చింపుకుని తిన్నాను. తప్పు చేశానని అప్పుడేమీ అనిపించలేదు. చాలా రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. మూడు చరణాలు, ఒక ఖాళీ, మళ్ళీ హారతి. "అక్కయ్యా, ఆవిడ మీ అమ్మమ్మ గారి వైపు మనిషిలా ఉంది. ఈ పాట మీరెప్పుడైనా విన్నారా? నాలుగో ఆవిడకి ఏ పువ్వు పెట్టారో తెలుసా మీకు?" అని అడిగింది. నేను ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నాను. తలెత్తకుండానే, "నాకేం తెలుసే, నేనూ ఆ పాట నిన్ననే విన్నాను" అన్నాను.

ఆమె టీవీ వాళ్ళకి కార్డు రాసింది. రెండు నెలలకి ఉత్తరాల కార్యక్రమంలో ఆ కార్డు చదివి, మీ అభిరుచికి ధన్యవాదాలని చెప్పి, పువ్వు సంగతి ఎత్తకుండానే తర్వాతి ఉత్తరంలోకి వెళ్ళిపోయారు. టీవీలో పేరు చదివారని ఆ వీధంతా ఆమెని చూడటానికి వచ్చింది, అదొకటి మళ్ళీ నాకు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడు ఆమె ఆ పాట మొదటిసారి పాడింది. పాడేముందు అందరికీ చెప్పింది, "ఒక చరణంలో నాకు మాటలు తెలియవండీ, ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రాసుకుంటాను" అని. మా ఆడపడుచు, ఏదో ఒక పువ్వు పెట్టెయ్యవే ఎవరికి తెలుస్తుంది అంటే, "పెద్దవాళ్ళ పాటలో మన మాట ఎలా పెడతామండీ" అంది. ఆ చోటుకి రాగానే కళ్ళు మూసుకుని రాగం మాత్రం తీసింది. నేను ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో పెట్టిన శనగలు ఒక్కొక్కటే నములుతూ విన్నాను.

ఆ తర్వాత కథ మీరు ఊహించగలరు. వాళ్ళు పిల్లల చదువులకని నూజివీడు టౌనులోకి మారారు. ఆమె ఇంటి దగ్గర ఆడపిల్లలకి పాటలు చెప్పడం మొదలుపెట్టింది, ఈ మధ్య అక్కడి కాలేజీ క్యాంపస్ పిల్లలు కూడా ఆటోలెక్కి వస్తున్నారు. మొదట్లో ఆ పాట నేర్పేటప్పుడు, ఇక్కడ మాటలు తెలియవని చెప్పే నేర్పేది. నేర్చుకున్న పిల్లలు ఇంకొకరికి నేర్పేటప్పుడు రాగం చెప్పారు, ఆ సంగతి చెప్పడం మానేశారు. పెళ్ళిళ్ళలో ఆ చోటుకి రాగానే పేరంటాళ్ళంతా కళ్ళు మూసుకోవడం అలవాటైంది. నేను మాత్రం అసలు పాడటమే మానేశాను. అడిగితే గొంతు పట్టేసిందనేదాన్ని. అడగడం మానేసిన తర్వాత కూడా, ఎవరైనా అడుగుతారేమోనని కొన్నాళ్ళు మిరియాలు నములుతూ తిరిగాను. నలుగురు కోడళ్ళ పాట ఎక్కడ వినబడినా, నాలుగో చరణం దగ్గర నాకొక్కదానికే తెలిసిన మాట ఉందనుకునేదాన్ని. ఆమెకి శిష్యులున్నారు, చప్పట్లున్నాయి, శాలువాలున్నాయి; నాకు ఆ ఒక్క మాట ఉంది. నలభై ఏళ్ళు దాని మీద బతికాను.

అందుకే ఆదివారం ఆ యాంకరమ్మాయి ఆ ఖాళీని పట్టుకుని గొప్ప శిల్పమనగానే నాకు ఒళ్ళు మండింది. పశ్చాత్తాపమని అనుకునేరు, అంత మంచిదాన్ని కాదు. నేను చేసిన కన్నాన్ని కూడా ఆమెకే కిరీటంగా పెడుతుంటే చూడలేకపోయాను. కార్యక్రమం అవగానే ఫోను చేశాను. ఎంగేజి. మళ్ళీ ఎంగేజి. లోకమంతా ఆమెకే ఫోను చేస్తోంది కదా. నాలుగోసారికి ఎత్తి, "చూశారా అక్కయ్యా? మీ కుర్చీ జరిపించారని నాకు ఆ రోజే బాధనిపించింది, మీరు కూడా పక్కన ఉంటే ఎంత బావుండేదో" అంది.

నేను ఆ మాటలు పట్టించుకోలేదు. "నాలుగో కోడలికి పువ్వుందే" అన్నాను. "నాకు తెలుసు. మా అమ్మమ్మ పాట అది. ఆ రోజు కర్ర తిప్పింది గాలి కాదు, నేనే. మర్నాడు నువ్వడిగితే తెలియదన్నదీ అబద్ధమే." ఇన్నేళ్ళ మాట మూడు ముక్కల్లో అయిపోయింది. ఇప్పుడు ఏడుస్తుందా, తిడుతుందా, ఫోను పెట్టేస్తుందా అని చెవి ఆనించుకుని ఉన్నాను. ఆమె, "ఒక్క నిమిషం ఉండండి అక్కయ్యా, కళ్ళజోడు తెచ్చుకుంటాను" అంది. కుర్చీ జరిగిన చప్పుడు, ఏదో సొరుగు లాగిన చప్పుడు. "ఆఁ, ఇప్పుడు చెప్పండి. నెమ్మదిగా చెప్పండి, నాకు చెయ్యి ఇదివరకంత తొందరగా సాగడం లేదు."

ఇలాంటి పాటలు మధ్యలో అందుకోవడం కుదరదని మీకు తెలుసు, ఒక మాట ఇంకో మాటని లాక్కురావాలి. అందుకని పల్లవి నుంచి మొదలుపెట్టాను. ఎన్నేళ్ళయిందో నేను నోరు విప్పి పాడి. గొంతు జీరపోయింది కానీ పాట నడిచింది. మల్లెమొగ్గ వచ్చింది, మొగలిరేకు వచ్చింది, మరువం వచ్చింది. నాలుగో కోడలి దగ్గరికి వచ్చేసరికి నా పెదవులు వాటంతట అవే మూసుకున్నాయి. నా గొంతులోంచి ఊఁ అని రాగం వచ్చింది, ఆమె రాగమే, ఆమె తిప్పే చోటే తిరుగుతూ. ఆపి మళ్ళీ మొదటి నుంచి పాడాను. మళ్ళీ అక్కడికి రాగానే అంతే. మూడోసారి కళ్ళు మూసుకుని అమ్మమ్మ మొహం తెచ్చుకున్నాను, విస్తరాకులు కనబడ్డాయి, ఈనెపుల్లలు కనబడ్డాయి, ఆవిడ నోరు కదలడం కనబడింది. వినబడింది మాత్రం ఆ రాగమే. ఇన్ని పెళ్ళిళ్ళలో, ఇన్ని వ్రతాలలో కోపంగా విన్నదంతా లోపలికి వెళ్ళి ఆ చోట కూర్చుంది. మాట ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో నాకు తెలియదు.

ఫోన్లో ఆమె మూడుసార్లూ అడ్డు రాకుండా విన్నది. తర్వాత, "పోన్లెండి అక్కయ్యా, గుర్తొచ్చినప్పుడే చెబుదురుగాని" అంది. ఆ గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే బావుండేది. నలభై ఏళ్ళ కిందట తెలిసీ తెలియదన్నాను, ఇవాళ నిజంగానే తెలియదని చెబితే నమ్మడానికి ఆమెకి కారణమేమీ లేదు. అయినా నమ్మింది, అదీ నాకు కష్టంగానే ఉంది.

మా కోడలు పాపం ఫోన్లో వెతుకుదాం అత్తయ్యా అని కూర్చుంది. ఆ పాట చాలా చోట్ల ఉంది. ఎవరెవరో పిల్లలు, ఏ ఊళ్ళ వాళ్ళో, వీణ మీద ఒకళ్ళు, గిటారు మీద ఒకళ్ళు, అందరూ నాలుగో కోడలి దగ్గర కళ్ళు మూసుకునే పాడుతున్నారు. ఆదివారం కార్యక్రమాన్ని కూడా వెనక్కి తిప్పి తిప్పి చూపించింది. ఇప్పుడు టీవీలో ఏదీ తప్పిపోదు, కావలసినప్పుడు ఆపుకోవచ్చు, మళ్ళీ మొదటి నుంచి వినొచ్చు, మేడెక్కే పనే లేదు. మన రోజుల్లో తప్పిందంటే తప్పిందే. అందుకే అరగంట పాట కోసం వారమంతా ఎదురు చూసి, దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని విన్నాం. అంటే, ఆమె విన్నది, నేను చూస్తూ కూర్చున్నాను. ఈ పిల్లలకి పోతుందన్న భయమే తెలియదు. దానికి కూడా నాకు వాళ్ళ మీద అసూయగానే ఉంది.

రోజూ పొద్దున్నే లేచి ఆ వరసలో ఒక్కో పువ్వు పేరు పెట్టి పాడి చూసుకుంటున్నాను. సన్నజాజి పెట్టాను, తాళానికి పొట్టయింది. చేమంతి పెట్టాను, నాలుక మీద నిలవలేదు. నిన్న పొగడపువ్వు పెట్టి పాడితే చరణమంతా గబగబా నడిచిపోయింది, కౌసల్యమ్మ చెప్పిన మాట కూడా దాని వెంటే వచ్చినట్టు అనిపించింది. వెంటనే ఫోను తీసి ఆమె నంబరు నొక్కబోయి ఆగిపోయాను. అది అమ్మమ్మ పెట్టిన పువ్వో, ఇప్పుడు నేను పెడుతున్న పువ్వో నాకు తెలియడం లేదు.